ఇ-రీడర్ల పోటీ, విపణి వాటాలు – తెలుగు పుస్తకం స్థానం: నెల్లూరు తీరపు ముద్రణ వారసత్వం నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం

ఇ-పుస్తకాలు చదవడానికే ప్రత్యేకంగా రూపొందిన ఇ-రీడర్ల తయారీలో 1998 నుంచి పలు సంస్థలు పోటీపడ్డాయి. ఆ పోటీ గమనాన్ని, భారతీయ విపణిలో దాని పర్యవసానాలను, అందులో తెలుగు పుస్తకానికి దక్కిన స్థానాన్ని ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. నెల్లూరు సీమ నుంచి వెళ్లి చెన్నపట్నంలో ముద్రాక్షరశాల నెలకొల్పిన వావిళ్ల వారి కృషిని పోలికకు ఆధారంగా తీసుకుంటుంది. ఒక భాషకు ఇ-రీడర్ విపణిలో చోటు దొరకడం ఆ భాష మాట్లాడేవారి సంఖ్యను బట్టి జరగలేదనీ, ఏ యంత్రమైనా చదవగల రూపంలో ఆ భాషా వాఙ్మయం సిద్ధంగా ఉండటం అన్నిటికన్నా ముఖ్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఇ-రీడర్, విపణి వాటా, కిండిల్, యూనికోడ్, ఇపబ్, వావిళ్ల ముద్రణ, నెల్లూరు.

1. ఉపోద్ఘాతం

తాటాకు, కాగితం, తెర – తెలుగు పాఠం ఇప్పటివరకు ప్రధానంగా ఈ మూడు ఆధారాల మీద నిలిచింది. తాటాకు నుంచి కాగితానికి జరిగిన మార్పుపై తెలుగులో విస్తృతమైన పరిశోధన ఉంది. కాగితం నుంచి తెరకు జరిగిన మార్పును మాత్రం సాంకేతిక విషయంగా భావించి సాహిత్య చరిత్రకారులు పక్కన పెట్టారు. అయితే ఏ గ్రంథం పాఠకుడికి అందుతుంది, ఏది అందదు, అందిన గ్రంథం ఎంతకాలం అతని దగ్గర ఉంటుంది అన్న ప్రశ్నలు సాహిత్య చరిత్రకు సంబంధించినవే. ఇ-రీడర్ల విషయంలో ఈ ప్రశ్నలకు సమాధానం చాలావరకు తయారీదారుల వ్యాపార పోటీలోనే నిర్ణయమైంది. కనుక ఆ పోటీ చరిత్ర తెలుగు పుస్తక చరిత్రలో ఒక అధ్యాయంగా పరిశీలించదగినది.

2. పూర్వరంగం: నెల్లూరు సీమ – వావిళ్ల ముద్రణ

తెలుగు అచ్చు అక్షరం తెలుగునాట పుట్టలేదు. బెంజమిన్ షుల్జ్ అనువదించిన క్రైస్తవ గ్రంథాలు 1746లో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు లిపిలో అచ్చయ్యాయి. ఆ తరువాత చాలాకాలం తెలుగు ముద్రణ మిషనరీలు, కంపెనీ అధికారుల అవసరాలను అనుసరించి సాగింది. ఈ స్థితి మారడానికి దేశీయ ముద్రాక్షరశాలలు రావలసి వచ్చింది.

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో, సముద్రానికి చేరువలో ఉన్న పల్లె వావిళ్ల. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా గల వావిళ్ల రామస్వామిశాస్త్రులు (1812–1891) 1854లో చెన్నపట్నంలో ముద్రణ ప్రారంభించారు. ‘హిందూ భాషా సంజీవని’, ‘ఆది సరస్వతీ నిలయం’ అన్న పేర్లు ఈ కృషితో ముడిపడినవి. సంస్కృత గ్రంథాలను తెలుగు లిపిలో అచ్చువేయడం, తాళపత్ర ప్రతులను పండితుల చేత పరిష్కరింపజేసి ప్రకటించడం ఈ సంస్థ ప్రత్యేకతలు. వారి కుమారుడు వావిళ్ల వేంకటేశ్వరశాస్త్రులు (1884–1956) కాలంలో సంస్థ బాగా విస్తరించింది.

ఆనాటి చెన్నపట్నంలోనూ పోటీ ఉండేది. ఒకే ప్రబంధాన్ని, ఒకే శతకాన్ని పలు ముద్రాక్షరశాలలు అచ్చువేసి అమ్మేవి. కాగితం నాణ్యత, వెల, పరిష్కర్త పేరు, తప్పొప్పుల సవరణ – వీటిలో పోటీ నడిచేది. అయితే ఆ పోటీకి ఒక స్వభావం ఉంది. పోతపోసిన అక్షరాలను ఏ ముద్రాపకుడైనా కొనవచ్చు. ఏ ముద్రాక్షరశాలలో అచ్చయిన పుస్తకాన్నయినా ఏ అంగడిలోనైనా అమ్మవచ్చు. కొన్న పాఠకుడు దానిని చదవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ముద్రాపకుడు, విక్రేత, పాఠకుడి చేతిలోని వస్తువు వేర్వేరుగా ఉండేవి. ఇ-రీడర్ల పోటీని అర్థం చేసుకోవడానికి ఈ అంశం కీలకం. ఆ పోటీలో ఈ మూడూ ఒకే సంస్థ చేతిలోకి వచ్చాయి.

3. తయారీదారుల పోటీ: 1998–2014

3.1 తొలి ప్రయత్నాలు

1998లో అమెరికాలో ‘రాకెట్ ఇబుక్’, ‘సాఫ్ట్‌బుక్’ అనే రెండు యంత్రాలు వెలువడ్డాయి. వాటి తయారీ సంస్థలు రెంటినీ 2000లో జెమ్‌స్టార్ సంస్థ కొనుగోలు చేసి, 2003లో ఆ వ్యాపారాన్ని మూసివేసింది. వెలుగు చిమ్మే ఎల్.సి.డి. తెర, తక్కువ పుస్తకాలు, ఎక్కువ వెల – ఈ మూడూ ఆ యంత్రాలకు ప్రతిబంధకాలయ్యాయి.

మార్పు తెరతో వచ్చింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధనల నుంచి 1997లో ఏర్పడిన ఇ-ఇంక్ సంస్థ రూపొందించిన తెరలో సూక్ష్మగుళికలు ఉంటాయి. వాటిలోని నలుపు, తెలుపు రేణువులు విద్యుత్ ప్రేరణతో పైకీ కిందికీ కదిలి అక్షరాన్ని ఏర్పరుస్తాయి. ఒకసారి ఏర్పడిన పుట అలాగే నిలిచి ఉండటానికి విద్యుత్తు అక్కరలేదు. పుట మార్చినప్పుడే ఖర్చవుతుంది. ఎండలో కూడా కాగితంలాగే కనిపిస్తుంది. ఈ తెరతో సోనీ సంస్థ 2004లో జపాన్‌లో ‘లిబ్రియే’ను, 2006లో అమెరికాలో ‘రీడర్’ను విడుదల చేసింది.

3.2 కిండిల్ రాక

2007 నవంబరు 19న అమెజాన్ 399 డాలర్ల వెలతో కిండిల్‌ను విడుదల చేసింది. కొద్ది గంటల్లోనే తొలి విడత యంత్రాలన్నీ అమ్ముడయ్యాయి. తెర విషయంలో సోనీకీ అమెజాన్‌కూ పెద్ద తేడా లేదు. తేడా పుస్తకం చేరే దారిలో ఉంది. సోనీ పాఠకుడు కంప్యూటర్‌లో పుస్తకం కొని, తీగ ద్వారా యంత్రంలోకి ఎక్కించుకోవాలి. కిండిల్ పాఠకుడు యంత్రం నుంచే పుస్తకం కొనగలడు. నెట్‌వర్క్ ఖర్చు అమెజాన్ భరించింది. పైగా అమెజాన్ 2005లోనే మోబిపాకెట్ అనే ఇ-పుస్తక సంస్థను కొని, ఆ ఫైలు రూపాన్ని తన అవసరాలకు మలచుకుంది. కిండిల్ అంగడిలో కొన్న పుస్తకం ఇతర సంస్థల ఇ-రీడర్లలో తెరుచుకోదు. పది పుస్తకాలు కొన్న పాఠకుడు పదకొండో పుస్తకానికి కూడా అక్కడికే వెళ్లవలసి వస్తుంది.

3.3 ధరల పోరు, నిష్క్రమణలు

అమెరికా పుస్తక విక్రయ సంస్థ బార్న్స్ అండ్ నోబుల్ 2009 చివర ‘నూక్’ను తెచ్చింది. అదే డిసెంబరులో కెనడాలో కోబో సంస్థ ఏర్పడింది. 2010 జూన్ 21న నూక్ వెల 259 డాలర్ల నుంచి 199కి తగ్గగా, అదే రోజు కిండిల్ వెల 259 నుంచి 189కి దిగింది. యంత్రం మీద లాభం చూసుకోవడం లేదనీ, దానిని ఖర్చు ధరకే అమ్ముతున్నామనీ అమెజాన్ అధినేత జెఫ్ బెజోస్ 2012లో చెప్పారు. పుస్తకాల అమ్మకంతో ఆదాయం పొందగల సంస్థ యంత్రాన్ని లాభం లేకుండా అమ్మగలదు. కేవలం యంత్రం అమ్మి బతకవలసిన సంస్థకు ఆ వెసులుబాటు లేదు.

ఫలితాలు త్వరలోనే కనిపించాయి. జపాన్‌కు చెందిన రాకుతెన్ 2012 నాటికి కోబోను సొంతం చేసుకుంది. సోనీ 2014లో తన అమెరికా ఇ-పుస్తక అంగడిని మూసి పాఠకులను కోబోకు అప్పగించింది. ఇ-రీడర్ల తయారీ నుంచీ వైదొలగింది. 2012లో నూక్ వ్యాపారంలో 30 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టిన మైక్రోసాఫ్ట్ 2014 చివరికి తప్పుకుంది. తెర తయారీలో మాత్రం ఇంత పోటీ లేదు. ఇ-ఇంక్ సంస్థను 2009లో తైవాన్‌కు చెందిన ప్రైమ్ వ్యూ ఇంటర్నేషనల్ కొనుగోలు చేసింది. పరస్పరం తలపడిన ఇ-రీడర్లలో దాదాపు అన్నీ ఒకే సంస్థ తెరను వాడాయి. పోటీ అసలు యంత్రాల మధ్య కాదు, అంగళ్ల మధ్య జరిగిందని దీనివల్ల తేటతెల్లమవుతుంది.

4. విపణి వాటా అనే లెక్క

ఇ-రీడర్ల విపణి వాటాల గురించి చెప్పే అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఎన్ని కిండిళ్లు అమ్ముడయ్యాయో అమెజాన్ వెల్లడించే అలవాటు లేదు. పత్రికల్లో కనిపించే శాతాలు చాలావరకు పరిశీలక సంస్థల అంచనాలు. అవి రెండు వేర్వేరు విషయాలను తరచు కలగలుపుతాయి: అమ్ముడైన యంత్రాల్లో వాటా ఒకటి, అమ్ముడైన ఇ-పుస్తకాల్లో వాటా మరొకటి. 2009 నాటికి అమెరికా ఇ-పుస్తక అమ్మకాల్లో దాదాపు 90 శాతం అమెజాన్‌వేనని ఆపిల్‌పై నడిచిన వ్యాజ్యం సందర్భంలో నమోదైంది. ఇది పుస్తకాల లెక్క, యంత్రాలది కాదు.

ఆ వ్యాజ్యం పూర్వాపరాలు ఇక్కడ ప్రస్తావించదగినవి. కొత్త పుస్తకాలను 9.99 డాలర్లకే, కొన్నిటిని కొన్న ధర కన్నా తక్కువకు అమెజాన్ అమ్మింది. 2010లో ఐప్యాడ్‌తో రంగంలోకి వచ్చిన ఆపిల్, ధరను ప్రచురణకర్తలే నిర్ణయించే పద్ధతిని ముందుకు తెచ్చింది. ఆపిల్, ఐదు పెద్ద ప్రచురణ సంస్థలు కుమ్మక్కయ్యాయని అమెరికా న్యాయశాఖ 2012లో దావా వేసింది. ప్రచురణకర్తలు రాజీపడగా, 2013లో తీర్పు ఆపిల్‌కు వ్యతిరేకంగా వచ్చింది.

ఈ రెండు లెక్కలకూ అందని మూడో అంశం పఠనం. ఒక భాషలో ఎంతమంది తెరపై చదువుతున్నారన్నది యంత్రాల వాటాలోనూ కనిపించదు, అంగడి అమ్మకాల్లోనూ కనిపించదు. తెలుగు విషయంలో ఈ తేడా చాలా పెద్దది.

5. భారతదేశంలో పోటీ

భారతదేశంలో తొలి అడుగు దేశీయ సంస్థలే వేశాయి. అహ్మదాబాద్‌కు చెందిన ఇన్ఫీబీమ్ 2010లో సుమారు పదివేల రూపాయల వెలతో ‘పై’ అనే ఇ-రీడర్‌ను విడుదల చేసింది. అదే ఏడాది ‘వింక్’ అనే మరో యంత్రం వచ్చింది. భారతీయ భాషలను చూపగలగడం తమ ప్రత్యేకతగా ఇవి చెప్పుకున్నాయి. కానీ ఆ భాషల్లో కొనదగిన పుస్తకాలు వాటి అంగళ్లలో తగినన్ని లేవు. సోనీకి ఎదురైన సమస్యే వీటికీ ఎదురైంది.

2012 ఆగస్టులో అమెజాన్ భారతీయ పాఠకుల కోసం రూపాయి ధరలతో కిండిల్ అంగడిని తెరిచి, యంత్రాన్ని 6,999 రూపాయలకు అందుబాటులోకి తెచ్చింది. ఆ ఏడాది చివర ఫ్లిప్‌కార్ట్ ఇ-పుస్తకాల విక్రయం మొదలుపెట్టి, 2015 డిసెంబరులో విరమించుకుని తన పాఠకులను కోబోకు అప్పగించింది. ఇలా నాలుగైదేళ్లలోనే భారతీయ ఇ-రీడర్ విపణిలో కిండిల్‌కు చెప్పుకోదగ్గ పోటీ లేకుండా పోయింది. ఏ భాషకు చోటివ్వాలన్న నిర్ణయం దాదాపుగా ఒకే సంస్థ చేతిలోకి వెళ్లింది.

6. 2016 జాబితాలో తెలుగు లేకపోవడం

2016 డిసెంబరులో అమెజాన్ కిండిల్‌లో ఐదు భారతీయ భాషల పుస్తకాలను ప్రవేశపెట్టింది. అవి హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు ఆ జాబితాలో లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు. మరాఠీ 8.30 కోట్లు, తమిళం 6.90 కోట్లు, గుజరాతీ 5.55 కోట్లు, మలయాళం 3.48 కోట్లు. 9.72 కోట్ల మంది మాట్లాడే బెంగాలీకి కూడా ఆ జాబితాలో చోటు లేదు. కనుక జనసంఖ్య ఎంపికకు ప్రాతిపదిక కాలేదన్నది స్పష్టం. 2008లో లభించిన ప్రాచీన భాషా ప్రతిపత్తి కూడా ఇక్కడ అక్కరకు రాలేదు.

నెల్లూరు తీరంలో ఈ వ్యత్యాసం భౌగోళికంగానే కనిపిస్తుంది. పులికాట్ సరస్సు తెలుగు, తమిళ ప్రాంతాల నడుమ వ్యాపించి ఉంది. 2016 నాటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న తడ, సూళ్లూరుపేట ప్రాంతాల పాఠకుడికి కిండిల్‌లో దొరకని మాతృభాష, సరస్సుకు దక్షిణాన ఉన్న తమిళ పాఠకుడికి దొరికింది. ఆ తేడా రచయితలకూ వర్తించింది. 2017లో ఆంగ్లంతో మొదలైన అమెజాన్ ‘పెన్ టు పబ్లిష్’ రచనల పోటీ తరువాత హిందీ, తమిళాలకు విస్తరించింది.

ఈ స్థితికి దారితీసిన కారణాలను మూడు అంశాలుగా పరిశీలించవచ్చు.

6.1 లిపి: తెలుగులో ఒత్తులు అక్షరం కిందికీ పక్కకూ చేరతాయి, గుణింతపు గుర్తులు అక్షరం పైనా పక్కనా కలుస్తాయి. ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ వంటి పదాలు సరిగా కనిపించాలంటే సంకేతాలను వరుసగా పేర్చితే చాలదు, వాటిని కలిపి అక్షరరూపం కట్టే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ యంత్రంలో ఉండాలి. ఈ పనిలో పెద్ద సంస్థలు కూడా తడబడ్డాయి. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’కు సంబంధించిన ఒక సంకేత వరుస ఐఫోన్‌లో కనిపించగానే సందేశాల యాప్‌లు ఆగిపోయాయి. ఆపిల్ ఐ.ఓ.ఎస్. 11.2.6తో ఆ లోపాన్ని సవరించింది. అయినా లిపి క్లిష్టతనే ప్రధాన కారణంగా చెప్పలేము. మలయాళ లిపి కూడా సంయుక్తాక్షరాలతో నిండినదే.

6.2 పాఠం రూపం: తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుంచే స్థానం ఉంది. కానీ ప్రచురణరంగంలో డీటీపీ పని దీర్ఘకాలం పేజ్‌మేకర్‌లో, అను, శ్రీలిపి వంటి యూనికోడేతర ఫాంట్లతో సాగింది. అలాంటి ఫైలులో తెరపై కనిపించేది తెలుగు అయినా, యంత్రం దృష్టిలో అది తెలుగు కాదు. అదే ఫాంటు లేని చోట ఆంగ్లాక్షరాలు, గుర్తుల కలగూరగంపగా మారుతుంది. ఇ-రీడర్‌కు కావలసింది తెర వెడల్పును బట్టి పంక్తులు సర్దుకునే పాఠం. పాత ఫైళ్ల నుంచి దానిని పొందాలంటే మార్పిడి చేసి, మళ్లీ అక్షరదోషాలు దిద్దాలి. ఈ సమస్య ఇతర భారతీయ భాషలకూ ఉన్నదే. అందువల్ల ఆ ఖర్చు భరించగల ప్రచురణ వ్యవస్థ ఏ భాషలో ఉందన్నది నిర్ణాయకమవుతుంది.

6.3 ప్రచురణ వ్యవస్థ: మలయాళంలో ప్రచురణను, సొంత దుకాణాల గొలుసును కలిపి నడిపే డి.సి. బుక్స్ వంటి సంస్థలు ఉన్నాయి. తెలుగులో ఎమెస్కో, విశాలాంధ్ర, నవోదయ వంటి సంస్థలు ఉన్నా, రచయితలే సొంతఖర్చుతో కొన్ని వందల ప్రతులు అచ్చువేయించుకునే పద్ధతి బాగా విస్తరించింది. హక్కులు వందలాది వ్యక్తుల మధ్య చెదిరి ఉన్నాయి. ఒక ఒప్పందంతో వేల పుస్తకాలు కోరుకునే అంగడికి ఇటువంటి వ్యవస్థ అనుకూలం కాదు.

7. తెలుగు పాఠకుల ప్రత్యామ్నాయాలు

కిండిల్ జాబితాలో లేకపోవడం వల్ల తెలుగు పాఠకులు తెరపై చదవడం మానలేదు, దారి మార్చుకున్నారు. 2010లోనే హైదరాబాద్ కేంద్రంగా ‘కినిగె’ తెలుగు ఇ-పుస్తకాల అంగడిగా మొదలైంది. పుస్తకాలను అమ్మడమే కాక అద్దెకు కూడా ఇచ్చింది. యంత్రాన్ని తయారుచేయకుండా, కంప్యూటరు, ఫోను తెరలనే ఆధారం చేసుకుంది. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌకైంది. ఐదు భాషలతో కిండిల్ ముందుకు వచ్చిన కాలానికే తెలుగు పాఠకుడి చేతిలో ఫోను ఇ-రీడర్ పాత్రను స్వీకరించింది. ప్రతిలిపి వంటి యాప్‌లు ఆ పాఠకులను చేరుకున్నాయి.

పరిశోధకుల దారి మరొకటి. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి నాయకత్వం వహించిన మిలియన్ బుక్ ప్రాజెక్టు, దానికి అనుబంధంగా నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది పాత తెలుగు గ్రంథాలను స్కాన్ చేయించాయి. వావిళ్ల ప్రతులు కూడా ఈ మార్గంలోనే నేటి పరిశోధక విద్యార్థుల చేతికి వచ్చాయి. అయితే ఇవి పుటల ఛాయాచిత్రాలు. ఆరంగుళాల తెరపై అక్షరం చిన్నదైపోతుంది. పెద్దది చేస్తే పంక్తి తెర దాటిపోతుంది. వాటిలో పదం వెతకడం కుదరదు, పద్యాన్ని ఎత్తి వ్యాసంలో చేర్చుకోవడం కుదరదు. ఈ లోటును కొంత తీర్చుతున్నది తెలుగు వికీసోర్స్. స్వచ్ఛంద కార్యకర్తలు స్కాన్ పుటలను యూనికోడ్‌లోకి మార్చి, దోషాలు దిద్ది, ఇపబ్‌గా దించుకునే వీలు కల్పిస్తున్నారు.

8. యాజమాన్యం: రెండు ఉదంతాలు

బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను వావిళ్ల సంస్థ 1910లో ప్రచురించింది. అశ్లీలమన్న ఆరోపణపై ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకుని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం హయాంలో నిషేధం తొలగింది. వావిళ్ల వారు ఆ కావ్యాన్ని మళ్లీ అచ్చువేశారు. పోలీసులు ముద్రాక్షరశాలకు వెళ్లి కట్టలు ఎత్తుకుపోగలిగారు గాని, అప్పటికే ఇళ్లకు చేరిన ప్రతులన్నిటినీ ఒకేసారి మాయం చేయడం సాధ్యమయ్యే పని కాదు.

2009 జూలైలో జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’, ‘యానిమల్ ఫామ్’ నవలల ప్రతులను, విక్రేతకు హక్కులు లేవన్న కారణంతో, అమెజాన్ పాఠకుల కిండిళ్ల నుంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది. తరువాత బెజోస్ క్షమాపణ చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఇ-పుస్తక అంగడిని మూసినప్పుడు, పాఠకులు కొన్న పుస్తకాలు కూడా వారికి అందకుండా పోయాయి. అక్కడా డబ్బు తిరిగి వచ్చింది, పుస్తకం రాలేదు. అచ్చుపుస్తకంలో పాఠకుడు కొన్నది వస్తువు. ఈ అంగళ్లలో కొన్నది అనుమతి. కనుక తెలుగు పుస్తకం ఏదో ఒక పెద్ద అంగడి జాబితాలో చేరితే సమస్య తీరిపోతుందనుకోవడానికి వీలులేదు.

9. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. ఇ-రీడర్ తయారీదారుల పోటీలో తెర దాదాపు ఉమ్మడి వస్తువు. గెలుపోటములను నిర్ణయించింది పుస్తకాల అంగడి, దానికి మాత్రమే కట్టుబడిన ఫైలు రూపం.

2. యంత్రాల వాటా, ఇ-పుస్తకాల అమ్మకాల వాటా వేర్వేరు. ఈ రెండూ ఒక భాషలోని పఠనానికి కొలమానాలు కావు. తెలుగు పఠనం అధికభాగం ఈ లెక్కల వెలుపలే జరిగింది.

3. 2016 కిండిల్ జాబితాలో తెలుగు లేకపోవడానికి జనసంఖ్య గాని, లిపి క్లిష్టత గాని తగిన వివరణలు కావు. పాఠాలు యూనికోడేతర ఫైళ్లలో ఉండిపోవడం, ప్రచురణ హక్కులు చెదిరి ఉండటం మరింత సమంజసమైన కారణాలు.

4. ఒక అంగడికి కట్టుబడిన పుస్తకం ఆ అంగడి ఉన్నంతకాలమే పాఠకుడిది. అందువల్ల ఇపబ్ వంటి బహిరంగ ప్రమాణంలో, ఏ తాళమూ లేని యూనికోడ్ పాఠం తెలుగుకు శాశ్వత అవసరం.

వావిళ్ల రామస్వామిశాస్త్రులు చెన్నపట్నంలో పనిచేసినప్పుడు ముద్రణయంత్రాన్ని కొత్తగా కనిపెట్టలేదు. అప్పటికే ఉన్న యంత్రానికి తెలుగు పాఠాన్ని సిద్ధం చేశారు. నేడు చేయవలసిన పని కూడా అటువంటిదే. నెల్లూరు జిల్లా వెంకటాచలంలో 2020 జనవరిలో ప్రారంభమైన ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు తమ పరిష్కృత గ్రంథాలను, ఆమోదం పొందిన సిద్ధాంత గ్రంథాలను పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఇపబ్ రూపంలో కూడా భద్రపరచడం నియమంగా పెట్టుకోవచ్చు. హక్కుల గడువు తీరిన వావిళ్ల ప్రచురణలతో ఆ పని మొదలుపెట్టవచ్చు. అప్పుడు విపణిలో ఏ తయారీదారు నిలిచినా, ఏ తయారీదారు తప్పుకున్నా, తెలుగు పాఠం మాత్రం తరువాతి యంత్రంలోకి చేరడానికి సిద్ధంగా ఉంటుంది.